సరిపోతుందా, సరిపోదా: సీశాట్‌లో అసమీకరణాల డేటా సఫిషియన్సీ

సీశాట్ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది పర్సంటేజీలు, టైం అండ్ వర్క్, పర్ముటేషన్ల గురించే అడుగుతారు. డేటా సఫిషియన్సీ ఊసెత్తేవాళ్లు తక్కువ. పేపర్లో ఆ ప్రశ్నలు వచ్చేదే కొన్ని కాబట్టి అది సహజమే. కానీ వాటిలో > గుర్తో, < గుర్తో ఉందంటే మాత్రం ఇంజనీరింగ్ చదివిన మనలాంటివాళ్లకే ఎక్కువ సమయం పోతుంది. నాలుగేళ్ల పాటు మనకు నేర్పింది జవాబు కనుక్కోవడం. ఈ ప్రశ్న జవాబు అడగదు. జవాబు చెప్పడానికి ఇచ్చిన సమాచారం చాలునా అని మాత్రమే అడుగుతుంది.

ముందు లెక్కలు గుర్తు చేసుకుందాం. సీశాట్ 2011లో వచ్చింది. 2015 నుంచి అర్హత పేపర్ మాత్రమే అయింది. 80 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. 33 శాతం, అంటే 66 మార్కులు వస్తే చాలు. ఒక్కో ప్రశ్నకి సగటున నిమిషంన్నర. సిలబస్‌లో దీన్ని పదో తరగతి స్థాయి అని రాశారు. ఆ మాట నమ్మి ఈ పేపర్‌ని చివరి రెండు వారాలకి వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను.

మా ఊరు మరైగూడ. ఛత్తీస్‌గఢ్, సుక్మా జిల్లా, కోంటా తహసీల్. 1998కి ముందు బస్తర్ జిల్లా, 2012 దాకా దంతెవాడ జిల్లా, ఆ తర్వాత సుక్మా. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, చుట్టుపక్కల దోర్లా మాట, పెద్ద పని పడితే భద్రాచలం. నేను ఇంటర్ భద్రాచలంలో, ఇంజనీరింగ్ ఇంగ్లీషులో చదివాను. ఇదంతా ఎందుకంటే, సివిల్స్ ప్రిలిమ్స్ పేపర్ హిందీలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. అసమీకరణాల ప్రశ్నల్లో సగం కష్టం గుర్తుల్లో ఉండదు, మాటల్లో ఉంటుంది.

"కమ్ సే కమ్ 30" అంటే ≥ 30. "అధిక్ సే అధిక్ 30" అంటే ≤ 30. "30 సే కమ్ నహీఁ" అంటే మళ్లీ ≥ 30. ఇక్కడ "కమ్" అన్న మాట చూసి చెయ్యి < వైపు పోతుంది. తెలుగులో అనుకుంటే నాకు తేలిక: 30కి తగ్గకుండా, 30కి మించకుండా, 30 దాటి. మొదటి రెండింటిలో 30 ఉంది, మూడో దాంట్లో లేదు. ఒక్క "లోపు" దగ్గర మాత్రం జాగ్రత్త. "30 లోపు" అంటే 30 కలుస్తుందా అని మా ఇంట్లో నలుగురిని అడిగితే ఇద్దరు కలుస్తుందన్నారు, ఇద్దరు కలవదన్నారు. అందుకే రఫ్ షీట్ మీద ఆ మాట రాయను. వాక్యం చదవగానే గుర్తులోకి మార్చేస్తాను, సమానం ఉందో లేదో అక్కడే తేల్చుకుంటాను. చాలా ప్రశ్నలు ఆ చిన్న గీత మీదే నిలబడి ఉంటాయి.

నిజానికి మా వైపు జనానికి అసమీకరణాలు కొత్తవేం కాదు. వానాకాలంలో భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడో హెచ్చరిక ఇచ్చారని ఫోన్లో విన్నామనుకోండి. "నీళ్లు 48 దాటాయా?" అంటే ఆ ఒక్క మాట సరిపోతుంది, దాటాయి. "70 దాటాయా?" అంటే సరిపోదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది, 1986లో 75.6. ఇవి రెండూ మూడో హెచ్చరికలే. 54 అడుగులు వచ్చినా మూడో హెచ్చరికే. హెచ్చరిక కింది హద్దు చెబుతుంది, పై హద్దు చెప్పదు. "కోంటా రోడ్డు మీదికి నీళ్లొచ్చాయా?" అంటే ఇంకా చిక్కు. కోంటా ఉన్నది శబరి ఒడ్డున. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరికి ఎగపోటు తగులుతుంది. గోదావరి మట్టం ఒక్కటే తెలిస్తే చాలదు, శబరిలో పైనుంచి ఎంత వస్తోందో కూడా కావాలి. ఈ లెక్క మా వైపు లారీ డ్రైవర్లకి బాగా తెలుసు. భద్రాచలంలో అడుగులు అడిగి అక్కడితో ఆగరు, చింతూరులో ఉన్నవాళ్లకి కూడా ఫోన్ చేస్తారు. స్టేట్‌మెంట్ ఒకటి చాలనప్పుడు రెండోది తెచ్చుకోవడం అంటే అదే.

ఇప్పుడు అసలు బీజగణితానికి వద్దాం. టైపింగ్ తేలిక కోసం చలరాశులకి క, చ అని రాస్తాను.

ప్రశ్న: క > చ అవునా? (1) క/చ > 1. (2) చ < 0.

చూడగానే చ ని అటు పంపి క > చ అని రాసేయాలనిపిస్తుంది. చ ధనమో ఋణమో తెలియకుండా దాంతో గుణించకూడదు, ఋణమైతే గుర్తు తిరుగుతుంది. 4, 2 తీసుకుంటే భాగఫలం 2, క పెద్దది. −4, −2 తీసుకున్నా భాగఫలం 2, కానీ క చిన్నది. కాబట్టి (1) ఒక్కటే చాలదు. (2) ఒక్కటీ చాలదు, అందులో క ఊసే లేదు. రెండూ కలిపితే చ ఋణం అని తెలిసింది, గుణిస్తే గుర్తు తిరిగి క < చ వస్తుంది. ప్రశ్నకి జవాబు "కాదు". ఎప్పుడూ, ఏ సంఖ్య తీసుకున్నా, "కాదు".

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. జవాబు "కాదు" అని వచ్చింది కాబట్టి సమాచారం చాలలేదు అనుకుంటారు. ఖాయమైన "కాదు" కూడా పూర్తి జవాబే. చాలకపోవడం అంటే ఒకసారి అవును, ఒకసారి కాదు అని రావడం. తమ్ముళ్లకి చెప్పేటప్పుడు ఈ ఒక్క విషయం మీద నేను గంట కూర్చుంటాను. మిగతావి వాళ్లే నేర్చుకుంటారు.

రెండో ప్రశ్న: క ధనసంఖ్యేనా? (1) క² > క. (2) క³ > క.

దీనికి నేను సమీకరణం ముట్టుకోను. రఫ్ షీట్ మీద ఏడు సంఖ్యలు రాసుకుంటాను: −2, −1, −½, 0, ½, 1, 2. వీళ్లని ఏడుగురు సాక్షులు అంటాను. ఒక్కో స్టేట్‌మెంట్‌కి ఎవరు నిలబడతారో చూడాలి. మొదటి దానికి −2, −1, −½, 2 నిలబడతారు. వాళ్లలో ఋణాలూ ఉన్నాయి, ధనమూ ఉంది, చాలదు. రెండో దానికి −½, 2 నిలబడతారు. −½ ఎలాగంటే, దాని ఘనం −1/8. అది −½ కంటే పెద్దది, సంఖ్యారేఖ మీద సున్నాకి దగ్గర కదా. మళ్లీ చాలదు. రెండూ కలిపితే? రెండింటికీ నిలబడ్డవాళ్లు అదే ఇద్దరు, −½, 2. ఒకరు కాదంటారు, ఒకరు అవునంటారు. రెండూ కలిపినా చాలదు. "రెండు స్టేట్‌మెంట్లు ఇచ్చారు కాబట్టి కలిపితే ఏదో ఒకటి తేలుతుందిలే" అన్న నమ్మకాన్ని ఇలాంటి ప్రశ్నలు చక్కగా వాడుకుంటాయి.

సాక్షుల పద్ధతికి ఒక హద్దు ఉంది, అది దాచకుండా చెప్పాలి. చాలదు అని నిరూపించడానికి ఇద్దరు సాక్షులు చాలు. చాలును అని నిరూపించడానికి ఏడుగురూ ఒకే మాట చెప్పినా సరిపోదు, ఎనిమిదోవాడు ఎక్కడో ఉండొచ్చు. అప్పుడు తర్కం కావాలి. కాబట్టి క్రమం ఇది: ముందు సాక్షులతో పడగొట్టడానికి చూడండి. అర నిమిషంలో పడకపోతే అప్పుడు నిరూపణ వైపు వెళ్లండి.

మూడోది త్వరగా చెప్పేస్తాను. క > 6, చ > 4 అయితే క + చ > 10 ఖాయం. ఒకే దిక్కు గుర్తులని కూడొచ్చు. కానీ క − చ > 2 ఖాయం కాదు. 7, 5 తీసుకోండి, తేడా సరిగ్గా 2. తీసివేయాలంటే ఎదురు దిక్కు గుర్తులు ఉండాలి: క > 6, చ < 4 అయితే క − చ > 2. ఇది గుర్తుంచుకోండి, కింద పని పడుతుంది. అలాగే ప్రశ్నలో "పూర్ణసంఖ్య" అని ఉందో లేదో చూడండి. 2క > 7, 3క < 14 అంటే క విలువ 3.5కీ 4.67కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పూర్ణసంఖ్య అన్న ఒక్క మాట చేరితే 4 తప్ప ఇంకేదీ కాదు. రెండు అసమీకరణాలు కలిసి ఒక సమానాన్ని ఇచ్చాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన అసమీకరణం. పుస్తకాల్లోది కాదు, మన మార్కులది. ఒప్పులు ఒ, తప్పులు త అనుకుందాం. ఒప్పుకి 2.5, తప్పుకి అందులో మూడో వంతు కోత. అర్హత కావాలంటే 2.5ఒ − (2.5/3)త ≥ 66. రెండు వైపులా 3తో గుణించి 2.5తో భాగించండి. రెండూ ధనసంఖ్యలే, గుర్తు తిరగదు. 3ఒ − త ≥ 79.2 వస్తుంది. ఒ, త పూర్ణసంఖ్యలు, కాబట్టి 3ఒ − త ≥ 80.

ఇంతే. సీశాట్ మొత్తం ఈ ఒక్క గీత. ఒప్పులు 26కి మించకపోతే, తప్పులు ఒక్కటి కూడా లేకపోయినా 78 దాటదు: ఖాయమైన "కాదు". 27 ఒప్పులుంటే ఒక్క తప్పుని భరించొచ్చు, 28కి నాలుగు, 29కి ఏడు, 30కి పది, 31కి పదమూడు. ఒక్కో ఒప్పు పెరిగితే మూడు తప్పులకి చోటు దొరుకుతుంది. 33 ఒప్పులు, 20 తప్పులు అయితే 79. అంటే 65.83 మార్కులు, బయటికి. ఒక్క బబుల్ తేడా.

దీన్నే డేటా సఫిషియన్సీగా రాస్తే: అభ్యర్థి అర్హత సాధించాడా? (1) ఒప్పులు కనీసం 30. (2) తప్పులు 10కి మించలేదు. మొదటిది ఒక్కటే చాలదు, 30 ఒప్పులు 50 తప్పులు కావొచ్చు. రెండోది ఒక్కటే చాలదు, ఏమీ గుర్తించకుండా వచ్చినా తప్పులు సున్నాయే. కలిపితే 3ఒ ≥ 90, త ≤ 10. ఎదురు దిక్కులు, తీసివేయొచ్చు, 3ఒ − త ≥ 80. చాలు. ఇందులో నేను చూసింది ఒక మూలని మాత్రమే: ఒప్పులు వీలైనంత తక్కువ, తప్పులు వీలైనంత ఎక్కువ ఉన్న చోటు. ఆ మూల నెగ్గితే అన్నీ నెగ్గినట్టే. ఇంజనీరింగ్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్ చదివినవాళ్లకి ఈ మూలల సంగతి తెలిసిందే.

మా కోంటా వైపు తమ్ముడొకడు నాతోపాటు ప్రిలిమ్స్ రాశాడు. దోర్లా కుర్రాడు, హిందీ మీడియం, డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా చదువుతున్నాడు. వరంగల్ సెంటర్లో పరీక్ష రాసి ఇద్దరం బస్సెక్కాం. సీట్లో కూర్చున్నాక అడిగాడు.

"అన్నా, 44 పెట్టిన. 31 పక్కా. పాసైనట్టేనా?"

భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో వాడికి లెక్కల టీచర్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆ వారంలోపు వస్తానో రానో చెప్పాలి. చెప్పకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. ప్రిలిమ్స్ పాసైతే మెయిన్స్‌కి ఢిల్లీ కాకపోయినా హైదరాబాద్‌కైనా పోవాలి, ఉద్యోగం కుదరదు. పాస్ కాకపోతే ఉద్యోగం లేకుండా ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోవడం వాళ్ల నాన్నకి ఇష్టం లేదు. ఫలితం రావడానికి ఇంకా రెండు మూడు వారాలుంది. మేం రాసిన ఏడాది అధికారిక కీ కూడా తుది ఫలితాలయ్యాకే ఇచ్చేవాళ్లు.

నేను టికెట్ వెనక రాశాను. ఒ ≥ 31. ఒ + త = 44. అంటే త ≤ 13. మూల దగ్గర 93 − 13 = 80. సరిగ్గా గీత మీద.

"చాలు" అన్నాను. "నీ 31 నిజంగా 31 అయితే."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బుక్‌లెట్ తీసి పక్కా అనుకున్నవాటిని మళ్లీ లెక్కపెట్టాడు. ఒకదాని దగ్గర ఆగాడు. ప్యాసేజ్ ప్రశ్న. ఆ ఒక్కటి పోతే 30 ఒప్పులు, 14 తప్పులు, 76. మిగతా పదమూడింటిలో రెండు మూడు తగిలి ఉంటే మళ్లీ నెగ్గుతాడు. పుస్తకంలో స్టేట్‌మెంట్లు నిజమని ముందే ఒప్పుకుని మొదలుపెడతాం. బస్సులో ఆ సౌకర్యం లేదు.

భద్రాచలంలో దిగేలోపు వాడు తేల్చుకున్నాడు, బడికి వస్తానని చెప్పేశాడు. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. ఖాయంగా తెలియని చోట, వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయం తీసుకోవడం మంచిది. ఉద్యోగం మానెయ్యొచ్చు, పోయిన ఉద్యోగం మళ్లీ పిలవదు.

ఫలితాల పీడీఎఫ్‌లో వాడి నంబర్ లేదు. ఇక్కడ ఇంకో డేటా సఫిషియన్సీ ఉంది. నంబర్ ఉంటే సీశాట్ నెగ్గినట్టు ఖాయం. నంబర్ లేకపోతే? జనరల్ స్టడీస్ కటాఫ్ దగ్గర పోయిందో, సీశాట్ దగ్గర పోయిందో, రెండు చోట్లా పోయిందో ఆ జాబితా చెప్పదు. మార్కులు తుది ఫలితాలయ్యాకే చూపిస్తారు. అప్పటికి వచ్చే ఏడాది ప్రిలిమ్స్ నెత్తి మీద ఉంటుంది. అన్ని నెలలు వాడు పొద్దున బడికి పోయే ముందు దొరికే రెండు గంటల్లో లెక్కలు చేయాలా, పాలిటీ చదవాలా? వాళ్ల నాన్న కూడా అదే అడిగాడు, ఎక్కడ పోయిందిరా అని. వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఇద్దరం కలిసి సగం సగం పంచాం: ఒక గంట సీశాట్, ఒక గంట జీఎస్.

అందుకే నాకు తెలిసిన ప్రతి అభ్యర్థికీ ఒక పని చెబుతున్నాను. పరీక్ష అయ్యాక క్వశ్చన్ బుక్‌లెట్ మనతోనే ఇంటికి వస్తుంది. రాసేటప్పుడే ప్రతి ప్రశ్న పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: పక్కాకి టిక్కు, రెండు ఆప్షన్లు కొట్టేసి పెట్టినదానికి గీత, గుడ్డిగా పెట్టినదానికి సున్నా. చివరి పది నిమిషాల్లో టిక్కులు లెక్కపెట్టండి. టిక్కులు 30 ఉంటే ఇంకో పదికి మించి పెట్టనవసరం లేదు, పెన్ను కింద పెట్టొచ్చు. టిక్కులు 24 ఉంటే ఆగడం వల్ల ఓటమి ఖాయం, గీతలవైపు వెళ్లాల్సిందే. మిగిలిన రెండు ఆప్షన్లలో ఒకటి పెడితే 80 గీత లెక్కలో సగటున ఒక పాయింటు వస్తుంది: సగంసార్లు మూడు, సగంసార్లు మైనస్ ఒకటి. గుడ్డిగా నాలుగింట్లో ఒకటి పెడితే సగటు సున్నా. సున్నాలతో గీత దాటలేం అని కాదు, వాటిని నమ్ముకోలేం.

తమ్ముడి బుక్‌లెట్ మీద ఇప్పుడు ఆ గుర్తులుంటాయి. మాక్ టెస్టు అయ్యాక వాడు నాకు పంపేది మార్కులు కాదు, మూడు అంకెలు. 28, 9, 3 అని వస్తుంది. నేను కీ చూడకుండా హద్దులు లెక్కేసి పంపుతాను, వాడు కీ చూసి ఎక్కడ పడ్డాడో చెబుతాడు. టిక్కుల్లో ఎన్ని తప్పవుతున్నాయో అని ఒక కాలమ్ కూడా పెట్టుకున్నాడు. అది ఈమధ్య ఒకటికి తగ్గింది.

పోయిన ఆదివారం వాడు నాకే ఒక ప్రశ్న తయారుచేసి పంపాడు. జవాబు ఇక్కడ రాయను, మీరే చేసి చూడండి.

ఒక అభ్యర్థి సీశాట్‌లో అర్హత సాధించాడా? (1) అతను సరిగ్గా 50 ప్రశ్నలకి జవాబులు గుర్తించాడు. (2) అతని ఒప్పులు తప్పుల కంటే కనీసం 14 ఎక్కువ.

అది అయ్యాక 14 కొట్టేసి 15 పెట్టి మళ్లీ చేయండి.